తొమ్మిదిసార్లు వచ్చిన పేరు

"వెయ్యి క్రాషుల్లో తొమ్మిది వందల అరవై ఎనిమిదింటికి దారి మొత్తం దొరికింది సార్. మిగతా ముప్పై రెండింటికి ఊహించి రాస్తే తప్పేముంది?" అని అడిగాడు సుధాంశు.

నరహరి గారు ముప్పై ఏళ్లుగా కెర్నెల్, అంటే కంప్యూటర్‌లో అన్నిటినీ నడిపించే మూల ప్రోగ్రాం, రాస్తున్నారు. ప్రశ్నకు జవాబు చెప్పడం ఆయనకు అలవాటు లేదు. ఏదో ఒకటి చేసి చూపించి ఊరుకుంటారు.

కెర్నెల్ కుప్పకూలినప్పుడు, ఏ పని ఏ పనిని పిలిచిందో, స్టాక్ అనే మెమరీ దొంతరలో మిగిలిన గుర్తులను పట్టుకుని వెనక్కి నడవాలి. సుధాంశు ప్రోగ్రాం చేసేది అదే. గుర్తు చెరిగిన చోట అది ఆగేది కాదు. దగ్గర్లో ఏ పేరు కనబడితే దాన్నే మెట్టు చేసుకుని సాగేది. అలా ఊహించిన ముప్పై రెండింటిలో తొమ్మిదిసార్లు రజియా రాసిన, డిస్క్‌ను నడిపే డ్రైవర్ ప్రోగ్రాం పేరే వచ్చింది. ఆ రిపోర్టు చూసి ఆమె రెండేళ్ల పనిని కొత్త వెర్షన్ విడుదలలోంచి తీసేశారు. విడుదల నిన్ననే బయటికి వెళ్లిపోయింది.

రజియా గొడవ పడలేదు. "నాకైతే తప్పు కనబడలేదు. నీ లెక్కలో వచ్చిందంటే ఉండే ఉంటుందిలే, లెక్కల మాస్టారూ" అంది.

నరహరి గారు ఖాళీగా ఉన్న మిషన్ ముందు కూర్చున్నారు. రజియా డ్రైవర్‌ను ఒక్కసారి నడిపించారు. అది పని ముగించుకుని వెళ్లాక, అదే స్టాక్ మీద నెట్‌వర్క్ కోడ్‌ను నడిపి, ఒక గుర్తు చెరిపి, మిషన్‌ను కావాలనే కుప్పకూల్చారు.

"ఏదీ, ఇప్పుడు నడిపించవయ్యా నీ ప్రోగ్రాం."

తెర మీద నాలుగో వరుసలో రజియా డ్రైవర్ పేరు పడింది.

"అది ఎప్పుడో వెళ్లిపోయింది కదా సార్!"

"వెళ్లిపోయింది. అడుగుజాడ మిగిలింది."

సుధాంశు తన ప్రోగ్రాంలోంచి ఊహించే పదకొండు వరుసలూ కొట్టేశాడు. ప్రతి మెట్టూ స్టాక్ హద్దుల్లోనే ఉందా, వెనక్కే పోతోందా అని చూసుకుని, కాకపోతే 'ఇక్కడి నుంచి తెలియదు' అని రాసి ఆగిపోయేలా మార్చాడు. మళ్లీ వెయ్యీ నడిపాడు. దారి దొరికినవి మళ్లీ తొమ్మిది వందల అరవై ఎనిమిదే. రజియా డ్రైవర్ పేరు ఒక్కచోట కూడా లేదు.

కొత్త రిపోర్టు ప్రింటు తీసుకుని లేచాడు. రజియా కుర్చీ కిటికీ పక్కన, ఇరవై అడుగుల దూరం. ఆమె ఇటు చూడటం లేదు.

నరహరి గారు తల ఎత్తకుండానే అన్నారు: "ఆ కాగితం ఇక్కడ పెట్టి, ఆమె దగ్గరికి ఉత్త చేతులతో వెళ్లు."