చీకటయ్య పై ఖర్చులు

అనగనగా అంటే మరీ అంత అనగనగా కాదర్రా, ఆ అడవి ఇప్పటికీ ఉంది. అందులో ఒక మడుగు. ఆ మడుగులో బొద్దమ్మ అనే ముసలి కప్ప ఉండేది. పేరుకు తగ్గట్టే ఉండేది లెండి. ఏ తామరాకు మీద కూర్చున్నా ఆకు బుడుంగున మునిగేది.

"అవ్వ ఎక్కింది, ఆకు మునిగింది!" అని పిల్ల కప్పలు పాట కట్టి మరీ పాడేవి. బొద్దమ్మ పైకి నవ్వేసేది. లోపల మాత్రం ఏడుపొచ్చేది.

కొండ అవతల అద్దాల తోట ఒకటుందని ఆవిడకి ఎవరో చెప్పారు. ఎక్కడెక్కడి చెట్లో తెచ్చి ఒకే అద్దాల కప్పు కింద పెంచుతున్నారట. లోపల ఒక కొలను. ఆ కొలనులో చాపంత ఆకులు. మేకపిల్ల పడుకున్నా మునగవట!

"చచ్చేలోగా ఒక్కసారి ఆ ఆకు మీద కూర్చోవాలే!" అంది బొద్దమ్మ, పక్కింటి ముళ్ళపంది సూదులమ్మతో. "పున్నమి దాటితే కొలను మూసేస్తారట. మళ్ళీ వచ్చే ఏడాదే. అప్పటికి నేనుంటానో లేదో."

"ఎందుకుండవు? ఈ పున్నమికే వెళ్తున్నాం," అంది సూదులమ్మ.

సూదులమ్మ ఏ పని చేసినా పద్ధతిగా చేస్తుంది. ముందే వాకబు చేసింది. టికెట్టు తలకి మూడు కుంకుడుకాయలు. అంత పెద్ద అద్దాలు కడగాలి కదా మరి! గేటు దగ్గర ఇంకేం ఇచ్చినా పుచ్చుకోరు. బొద్దమ్మ ఏరి దాచుకున్న కుంకుడుకాయలు తొమ్మిది. తామిద్దరికి పోగా ఇంకొకరికీ సరిగ్గా సరిపోతాయి.

రెండు కొసలా మూతులున్న సంచి ఒకటి తెచ్చింది సూదులమ్మ. కింది సగంలో కుంకుడుకాయలు పోసింది. సంచి నడుముకి తాడు బిగించింది. పై సగంలో వేరుశెనక్కాయలు పోసింది. మరి సంచి ఎవరు మోయాలి? తను మోస్తే ముళ్ళు గుచ్చుకుని చిల్లులు పడతాయి. అవ్వ తనని తాను మోసుకోవడమే గొప్ప. అందుకని గబ్బిలం చీకటయ్యని పిలిచింది.

"ఒరేయ్ తమ్ముడూ, కిందవి టికెట్లకి. వాటి మీద చెయ్యి పడిందో, నీ పని చెప్తా. పైవి పై ఖర్చులకి. అర్థమైందా?"

"ఓస్, ఇంతేనా అక్కా!" అన్నాడు చీకటయ్య.

ముగ్గురూ బయల్దేరారు. దారిలో ఉడుత పుట్టగొడుగుల గొడుగులు అమ్ముతోంది. చీకటయ్యకి మనసు లాగింది. కొమ్మకి వేలాడి బేరమాడి, ఒకటి కొనేశాడు.

"కప్పు కింద తోట చూడబోతూ గొడుగేమిట్రా?" అంది సూదులమ్మ. మెడ ఎత్తితే తన ముళ్ళు తనకే గుచ్చుకుంటాయి. అందుకని పైకి చూడకుండానే అడిగింది. "పై ఖర్చుల్లోంచేగా?"

"పైనుంచే తీశానక్కా!"

కొంత దూరం వెళ్ళాక ఎలుగుబంటి పానకం అమ్ముతోంది. ముగ్గురికీ తలో దొన్నె ఇప్పించాడు.

"పైనుంచేగా?"

"పైనుంచే!"

ఇంకాస్త దూరంలో బల్లి జోస్యం చెబుతోంది. చీకటయ్య ఆగకుండా ఉంటాడా? బల్లి కుంకుడుకాయలు లోపల వేసుకుని, "ప్రయాణం శుభం. ఖర్చు మాత్రం తప్పదు నాయనా," అంది. అంతమాత్రం నేనూ చెప్పగలను!

"ఇదీ పైనుంచేనా?"

"అబ్బబ్బ, ఎన్నిసార్లు చెప్పాలక్కా! పైనుంచే!"

పున్నమి నాటి సాయంత్రానికి అద్దాల తోట చేరారు. గేటు దగ్గర ఉడుము. ఉడుం పట్టు సంగతి మీకు తెలుసుగా. మూడంటే మూడే, రెండున్నరకి ఒప్పుకోదు.

సూదులమ్మ సంచి కింది మూతి విప్పింది. గలగలా రాలాల్సిన కుంకుడుకాయలు టప్, టప్, టప్ మని మూడే రాలాయి. పైన చూస్తే వేరుశెనక్కాయలు పోసినవి పోసినట్టే ఉన్నాయి.

"కొంప ముంచావు కదరా!" అని అరిచింది సూదులమ్మ.

"నేనా? నీ మీదొట్టు అక్కా, పైనుంచే తీశాను!"

"ఏదీ, ఎలా తీశావో చూపించు."

చీకటయ్య సంచి పుచ్చుకుని ఎగిరి గేటుకి వేలాడాడు, కాళ్ళు మీదికీ తల కిందికీ. "ఇదిగో, ఇది పైన," అంటూ తన తల వైపున్న మూతి చూపించాడు. అంటే మనకి కిందన్నమాట!

ఉడుము పొట్ట చేత్తో పట్టుకుని నవ్వింది. సూదులమ్మకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. బొద్దమ్మ మాత్రం గేటు పక్కన చతికిలబడి, "ఈ జన్మకి నాకు మునిగే ఆకులే రాసిపెట్టాడు దేవుడు," అని కళ్ళు తుడుచుకుంది.

"ఇంకా మూడున్నాయిగా అవ్వా! నువ్వు వెళ్ళు," అంది సూదులమ్మ.

"మీరు లేకుండా నేనొక్కదాన్నీనా?"

"నీ కోసమే కదా ఇంత దూరం వచ్చింది! వెళ్ళవే తల్లీ, చీకటి పడుతోంది."

బొద్దమ్మ లోపలికి వెళ్ళింది. వీళ్ళిద్దరూ బయట అద్దానికి ముఖాలు ఆనించారు. సూదులమ్మ నేల మీద, చీకటయ్య చూరుకి వేలాడుతూ.

బొద్దమ్మ కొలను గట్టెక్కింది. కళ్ళు మూసుకుంది. ఒక్క గెంతు గెంతింది.

"అయ్యో, అవ్వ మునిగిపోయింది!" అని గావుకేక పెట్టాడు చీకటయ్య. "అవ్వ కింద! నీళ్ళు పైన! అయ్యో అవ్వా!"

"ఒరేయ్, ముందు తల తిప్పి చూడరా!" అని కసిరింది సూదులమ్మ.

చీకటయ్య పడుతూ లేస్తూ నేల మీదికి దిగాడు. గోడకి చేరగిలబడి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి తిన్నగా నిలబడి చూశాడు. చాపంత ఆకు. ఆకు నడిమధ్యన బొద్దమ్మ. చుక్క నీరైనా తగలకుండా, మహారాణిలా కాలు మీద కాలేసుకుని, వీళ్ళకేసి చెయ్యి ఊపుతోంది.

"ఓహో," అన్నాడు చీకటయ్య నెమ్మదిగా. "పై అంటే ఇటా!"

నీతి: సంచి ఒకరి చేతికిచ్చేటప్పుడు "అర్థమైందా?" అని అడిగితే సరిపోదు. ఏమర్థమైందో వాళ్ళ నోటితో చెప్పించుకోవాలి.