అప్పలసూరి దారిఖర్చు

మహంతి మాస్టారికి ఒక అలవాటు ఉండేది. శిష్యులు ప్రశ్న అడిగితే నోటితో జవాబు చెప్పేవారు కారు, లేచి చెప్పులు వేసుకునేవారు. కాలేజీలో అర్థశాస్త్రం చెప్పే రోజుల్లో ఆ చెప్పుల వెంట సంతకీ, రేవుకీ, రేషను షాపు వరుసకీ తిరిగి పాఠం నేర్చుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు. డెబ్బై దాటి ఆయన మోకాళ్లు మొరాయించాక, శిష్యులే జాలిపడి ప్రశ్నలు తగ్గించేశారు.

హైమవతికి మాత్రం ఆ శనివారం అడగక తప్పలేదు. మూడు నెలలుగా ఆమె బూరగగెడ్డ జలాశయం గట్టు మీద కాళ్లరిగేలా తిరుగుతోంది. సరదాకి గాలం వేసుకునేవాళ్లకి ఆ గట్టు ఏడాదికి ఎంత విలువ చేస్తుందో తేల్చమని పై ఆఫీసువాళ్లు పని అప్పగించారు. ఒక హోటలు కంపెనీ గట్టును లీజుకు అడుగుతోంది, ఏడాదికి నలభై లక్షలు ఇస్తానంటోంది. గాలాలవాళ్ల విలువ అంతకు తక్కువ తేలిందా, గట్టు చుట్టూ కంచె పడుతుంది. సోమవారం పొద్దున నివేదిక అందాలి. ఆమెకు తేలింది ముప్పై ఆరు లక్షలు.

“లెక్కలో తప్పు లేదు మాస్టారూ,” అంది ఆయన వరండాలో కూలబడి. “మూడుసార్లు వేసి చూశాను. పద్ధతి కూడా మీరు నేర్పిందే. టిక్కెట్టు లేని చోటు విలువ తెలియాలంటే, అక్కడికి రావడానికి మనిషి ఎంత ఖర్చు పెట్టుకున్నాడో చూడమన్నారు. చూశాను. అయినా సంతకానికి చెయ్యి రావడం లేదు. ఎందుకంటారు?”

నిజం చెప్పాలంటే ఆమెకు జవాబు కంటే నిద్ర ఎక్కువ అవసరం. పెట్టెయ్యమ్మా అని ఆయన ఒక్క మాట అంటే అక్కడికక్కడే పెట్టేసి ఇంటికి పోయేది.

మాస్టారు కాగితాలు తిరగేశారు. పట్టికలో అందరికంటే పైన, కారులో వచ్చిన ఒక పెద్దమనిషి ఉన్నాడు. పెట్రోలు, ఏసీ గది, ఫారిన్ గాలం, అన్నీ కలిపి పన్నెండు వేలు. ఆయన అరగంట కూర్చుని, నాలుగు ఫొటోలు దిగి, దోమలని తిట్టుకుంటూ వెళ్లిపోవడం హైమవతి కళ్లారా చూసింది. అది రాసుకోవడానికి ఫారంలో చోటు లేదు. పట్టిక అడుగున వరుసగా ముప్పై ఏడు సున్నాలు ఉన్నాయి.

“ఈ మొదటి సున్నాగారు ఎవరు?” అన్నారు మాస్టారు.

“అప్పలసూరి అని, జనపమిల్లులో చేసి మానేశాడు. రోజూ వస్తాడు. ఇల్లు గట్టు కిందే, దారిఖర్చు లేదు. ఎర్రలు తనే తవ్వుకుంటాడు. గాలం కర్ర పెరటి వెదురుది. వదులుకుని రావడానికి పని కూడా లేదు.”

మాస్టారు చెప్పులు వేసుకున్నారు. హైమవతికి ఏడుపొచ్చినంత పనైంది.

బస్సు దిగి, ఆగి ఆగి నడిచి, వాళ్లు గట్టు చేరేసరికి మధ్యాహ్నం అయింది. అప్పలసూరి తన చోట్లోనే ఉన్నాడు. నీటి మీద గాలం బెండు కదలకుండా తేలుతోంది, అతనూ కదలకుండా దాన్నే చూస్తున్నాడు. పక్కనున్న గిన్నెలో చేపలు లేవు. మగ్గాల మోతకి చెవులు సగం పోయిన మనిషి, అందుకని మాస్టారు గొంతు పెంచి, ఇది నీ సొంత ఊరేనా అని అడిగారు.

“కాదు మేస్టారూ, మాది టౌను. మెయిన్‌రోడ్డు మీద డాబా ఇల్లు,” అన్నాడు అప్పలసూరి. “పద్దెనిమిదేళ్లు ఆదివారం ఆదివారం మూడు బస్సులు మారి వచ్చీవోణ్ణి. ఆ డాబా మా తమ్ముడికిచ్చీసి, ఇక్కడున్న ఆడి రేకులిల్లు నాను తీసుకున్నాను. బస్సులెక్కలేక ఊరే మారిపోనాను.” ఆ మాటకి తనే నవ్వుకున్నాడు. “ఎర్రి ముదిరిపోనాదన్నారందరూ. ముప్పైయేళ్లు మగ్గాల మోత ఇన్నాను గదా. ఈ బెండు సప్పుడు సెయ్యదు.”

ఈ మనిషిని హైమవతి నలభై నిమిషాలు కూర్చోబెట్టి ఇరవై మూడు ప్రశ్నలు అడిగింది. ఎంత దూరం నుంచి వస్తున్నారని అడిగితే అతను వెనక్కి తిరిగి రేకులిల్లు చూపించాడు. ఆమె చక్కగా నవ్వి సున్నా రాసుకుంది. మెయిన్‌రోడ్డు మీద డాబాని అంత తేలిగ్గా సున్నా చేసిన చెయ్యి తనదేనా అని ఆమెకు సిగ్గేసింది.

“కంచె వేస్తారంటున్నారు, విన్నావా?” అన్నారు మాస్టారు.

అప్పలసూరి బెండు మీంచి చూపు తిప్పలేదు. “ఇన్నాను బాబూ. అప్పుడంటే డాబా ఉంది, ఇచ్చీసి వచ్చినాను. ఇప్పుడు ఇచ్చీడానికి ఏటుంది నా దగ్గర?”

హైమవతి గట్టు కింద ఇళ్ల వరుస చూపించి, “వీళ్లంతా ఇక్కడివాళ్లేనా?” అని అడిగింది.

“ఎక్కడమ్మా! ఆ సివర పోస్టాఫీసాయన, ఈ పక్క టైలరు, ఆళ్లూ నాలాగే వచ్చినోళ్లే. మిగతావోళ్ల సంగతి నాకు తెల్దు. అడగాల.”

ముగ్గురూ రేకులిల్లు చేరారు. అప్పలసూరి టీ పెట్టడానికి లోపలికి వెళ్లాడు. హైమవతి గుమ్మంలో నిలబడి ఇళ్ల వరుసని లెక్కపెట్టింది.

“ఇంకా ముప్పై ఆరు గుమ్మాలు మాస్టారూ. సోమవారానికి అయ్యే పని కాదు. గడువు దాటితే నన్ను తీసేసి ఇంకెవరికో ఇస్తారు. ఒక్కొక్కరినీ మళ్లీ మొదటినుంచి అడగాలా?” అంటూనే సంచీలోంచి కొత్త ఫారాలు తీసింది.

మాస్టారు చెప్పులు విడిచి అరుగు మీద చతికిలబడ్డారు. మోకాలు రుద్దుకుంటూ ఆ ఇళ్లకేసి చూశారు.

“వెళ్లిరా అమ్మా,” అన్నారు. “అన్నీ పక్కపక్కనే ఉన్నాయి. నీ దారిఖర్చు కూడా సున్నాయే.”