బియ్యపుగింజంత ఎడం

డాక్టర్ కోదండపాణిగారిని సూటిగా అడిగి సూటిగా జవాబు రాబట్టుకున్నవాళ్ళు మా ఆసుపత్రిలో ఇంతవరకూ లేరు. ఆయన ఊపిరితిత్తుల వైద్యులు. మందు పేరు అడిగితే మందు పేరే చెబుతారు, అందులో పేచీ లేదు. "ఎందుకు" అని అడిగితే మాత్రం కళ్ళద్దాలు తీసి, చొక్కా అంచుతో తుడుచుకుంటూ, ఎప్పుడో వచ్చి వెళ్ళిన రోగి సంగతి ఎత్తుకుంటారు. అందులోంచి మనకు కావలసింది మనమే ఏరుకోవాలి. ఏరుకోవడం చేతకానివాళ్ళు ఆయనకు చాదస్తం ముదిరిందని చెప్పుకుంటారు. నేను అదే ఆసుపత్రిలో పెథాలజిస్టును. అంటే, మనుషులు నాదాకా రారు. వాళ్ళలోంచి తీసిన గోరంత ముక్క వస్తుంది, దాన్ని గాజు పలక మీద పరిచి జబ్బేమిటో చెబుతాను. ముక్కలు మాట్లాడవు కాబట్టి ఎవరైనా కథ చెబుతానంటే నేను కాదనను.

మా దగ్గర ప్రతి బుధవారం ఒక సమావేశం జరుగుతుంది. ఊపిరితిత్తుల క్యాన్సర్ అని తేలిన ప్రతి రోగి గురించీ మేమంతా ఒక బల్ల చుట్టూ కూర్చుని మాట్లాడుకుంటాం. స్కాన్లు చదివేవారు, కోసేవారు, రేడియేషన్ ఇచ్చేవారు, మందులు ఎక్కించేవారు, మత్తు ఇచ్చేవారు, ఊపిరి కసరత్తులు చేయించే ఫిజియోథెరపిస్టు, నర్సులు, నాబోటి ముక్కలవాడు. మొన్నటి బుధవారం ఒక్క రోగి దగ్గరే గంటసేపు వాదన నడిచింది. అందరూ లేచి వెళ్ళాక ఇందుశేఖర్ అనే యువ డాక్టరు వెనక ఉండిపోయాడు. బాగా చదువుకున్నవాడు, చురుకైనవాడు, ఓపిక మాత్రం కాస్త తక్కువ. మేమంతా కోదండపాణిగారిని సార్ అంటాం. ఇతను ఏదైనా తేల్చుకోదలచుకున్నప్పుడు గురువుగారూ అంటాడు.

"గురువుగారూ, ఒక్క రోగికి ఇంతమందిమి ఎందుకు? స్కాన్ మీరు చదవగలరు. బయాప్సీ రిపోర్టు మీకు అర్థమవుతుంది. ఎవరికి కత్తి, ఎవరికి మందు అన్నది మీరు ఒక్క చూపులో చెప్పేస్తారు. మీరు చెప్పండి, మేం చేస్తాం. ఈ గంట వాదన రోగికి ఏం మేలు చేసింది?" అన్నాడు. పొగడ్త ఎంతో, విసుగూ అంతే ఉంది ఆ మాటలో. కోదండపాణిగారు కళ్ళద్దాలు తీశారు. నేను కుర్చీ దగ్గరికి లాక్కున్నాను.

ఆయన చెప్పింది తాయారమ్మగారి సంగతి. ఆ రోజు ఆ బల్ల దగ్గర నేనూ ఉన్నాను కనుక, ఆయన మొహమాటపడి దాటేసిన చోట నా జ్ఞాపకం కలిపి చెబుతాను.

తాయారమ్మగారిది రామచంద్రపురం దగ్గర పల్లె. అరవై రెండేళ్ళు. పెళ్ళిళ్ళకీ సంతర్పణలకీ వంట చేసే మనిషి. నలభై ఏళ్ళపాటు గాడిపొయ్యి ముందు నిలబడి, వెయ్యిమందికి సరిపడే గుండిగలు దింపించిన చెయ్యి. ఆ వంటలో నైవేద్యం కాకముందు రుచి చూడటం ఉండదు. ఉడుకుతున్న పులుసు వాసన పట్టి, ఇంకో పిడికెడు ఉప్పు వెయ్యండర్రా అనేదట. ఒక్కసారీ తప్పలేదట. అలాంటి మనిషికి దగ్గు పట్టుకుని వదలలేదు. మా వార్డులో చేర్చి స్కాన్ తీస్తే కుడి ఊపిరితిత్తి పైభాగంలో నిమ్మకాయంత కణితి కనిపించింది. ముక్క నా దగ్గరికి వచ్చింది. క్యాన్సరే, అనుమానం లేదు. అయితే ఇంకెక్కడికీ పాకినట్టు లేదు. ఆ జబ్బులో అంతకంటే మంచి కబురు ఉండదు. ఆ భాగాన్ని కోసి తీసేస్తే మనిషి పూర్తిగా దక్కే అవకాశం ఉంది. కోయకుండా రేడియేషన్ ఇస్తే కొంతకాలం అదుపులో ఉండొచ్చు, కానీ అంత కణితి మళ్ళీ తలెత్తదని ఎవరూ మాట ఇవ్వలేరు. కొయ్యడమా, మానడమా అన్నదే ఆ రోజు తేలాల్సింది.

ఊపిరితిత్తిలో కొంత తీసేయాలంటే మిగిలినదాంతో మనిషి బతకగలదా అని ముందు చూడాలి. దానికి ఒక యంత్రం ఉంది. గొట్టం నోట్లో పెట్టుకుని, గుండెల్లో ఉన్న గాలంతా ఒక్కసారిగా ఊదాలి. ఆవిడ మూడుసార్లు ఊదింది. ఆ వయసుకు నూరు ఉండవలసిన చోట ముప్పై ఎనిమిది వచ్చింది. మా సర్జన్ డాక్టర్ జగన్మోహిని కాగితం చూసి తల అడ్డంగా ఊపింది. "ఈ ఊపిరితో నా బల్ల ఎక్కితే మళ్ళీ దిగదు సార్. నేను కొయ్యను" అంది. కోదండపాణిగారు కూడా ఆ అంకె చూశారు. "నలభై ఏళ్ళ కట్టెల పొగ. ఇంతకంటే ఎక్కువ వస్తే ఆశ్చర్యపోవాలి" అన్నారు. మేమంతా తలలూపాం. ఆయన చెప్పాక తిరుగేముంది? రేడియేషన్ అని రాసుకున్నాం. ఆయన ఫైలు మూస్తూ, "ఇంకెవరైనా?" అన్నారు. ఆ మాట ఆయన ప్రతిసారీ అనేవారు. దిగేవాళ్ళున్నారా అని అడుగుతూనే రైట్ రైట్ అనే కండక్టరు ఉంటాడే, అచ్చం అలాగే అనేవారు.

"సార్" అని తలుపు దగ్గరి కుర్చీలోంచి వినిపించింది. షాహిదా అనే డైటీషియన్. రోగులకు ఏం పెట్టాలో, ఎంత పెట్టాలో చూసే అమ్మాయి. చేరి నాలుగు నెలలైనా ఆ గదిలో ఆమె గొంతు మేం విన్నది అదే మొదలు.

"మామ్మగారు దేనికీ పెదవి ఆనించరు సార్" అంది.

ఎవరికీ అర్థం కాలేదు. ఆమె చీర కొంగు సర్దుకుని మళ్ళీ చెప్పింది. "బలానికి పొడి కలిపిన పాలు స్ట్రా వేసి ఇస్తున్నాను సార్. స్ట్రా తీసి పక్కన పెడతారు. గ్లాసు పైకెత్తి గొంతులో పోసుకుంటారు. వారం రోజులుగా చూస్తున్నాను, ఒక్క చుక్క పెదవికి తగలదు. అలాంటిది ఆ గొట్టం నోట్లో పెట్టుకుని ఊదారంటే నాకు నమ్మబుద్ధి కావట్లేదు."

గదిలో ఎవరో నవ్వారు. కోదండపాణిగారు ఆ నవ్వినవాడి పేరు చెప్పకుండా దాటేశారు గానీ, నవ్వింది నేనే. ఊపిరి పరీక్ష గురించి పాల గ్లాసు చూసే పిల్ల చెప్పడమేమిటని నాకు అనిపించింది. ఆయన నవ్వలేదు. మూసిన ఫైలు తెరిచారు. అంకె కింద, ఊదిన గాలి తీరు చూపించే గీతను చాలాసేపు చూశారు. తర్వాత లేచి మెట్లు దిగి పరీక్ష గదికి వెళ్ళారు. షాహిదా వెనకే వెళ్ళింది. నేను నవ్వింది సబబో కాదో చూద్దామని నేనూ వెళ్ళాను.

తాయారమ్మగారిని పిలిపించి మళ్ళీ ఊదమన్నారు. ఆవిడ నలుగురి ముందూ ఊదడానికి సిగ్గుపడి కాస్త గోడవైపు తిరిగింది. ఎడమ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. టెక్నీషియన్ పాపం ఆ చేతినే చూసేవాడు, చెయ్యి వెనక ఏం జరుగుతోందో అతనికి ఎలా తెలుస్తుంది? కోదండపాణిగారు నేల మీద గొంతుక్కూర్చుని, మెడ వంచి కిందినుంచి చూశారు. పెదవులకీ గొట్టానికీ మధ్య బియ్యపుగింజంత ఎడం ఉంది. ఆవిడ ఎంత బలంగా ఊదినా సగం గాలి చెంపల మీదుగా పోతోంది.

"గొట్టం నోట్లో పెట్టుకోలేదేమమ్మా?" అన్నారాయన.

"అయ్యో, ఎలా పెట్టుకుంటాను బాబూ? నా వెనకాల అంతమంది వరసలో కూచున్నారు కదా! నా ఎంగిలి వాళ్ళ చేత ముట్టించమంటారా? నలభై ఏళ్ళు వండిపెట్టాను, ఒక్కరికి ఎంగిలి పెట్టిన పాపాన పోలేదు" అంది తాయారమ్మగారు.

అప్పటిదాకా నేను ఆవిడ తన మడి కోసం గొట్టం ముట్టుకోవడం లేదనుకున్నాను. కాదు, వెనక కూర్చున్న ముక్కూ మొహం తెలియనివాళ్ళ కోసం. వాళ్ళకోసం తన ప్రాణం మీదికి తెచ్చుకుంటోందని ఆవిడకు తెలియదు. నాకు సిగ్గేసింది, చెప్పుకోవడానికి వెనకాడను. షాహిదా ఒక కొత్త గొట్టం తీసి, దాని కాగితం ఆవిడ కళ్ళముందే చింపింది. "మామ్మగారూ, ఇది మీ ఒక్కరిదే. మీరు ఊదాక పారేస్తాం, ఇంకెవరికీ ఇవ్వం. కావాలంటే మీ చేత్తోనే ఆ డబ్బాలో పడేయండి" అంది.

"పారేస్తారా? ఆ ముక్క ముందే చెప్తే మీ సొమ్మేం పోయింది తల్లీ!" అని కసిరి, తాయారమ్మగారు పైట బిగించింది. గొట్టాన్ని పెదవులతో గట్టిగా పట్టి ఊదింది. తెర మీద గీత లేచింది. టెక్నీషియన్ అలవాటు ప్రకారం "ఇంకా, ఇంకా, ఇంకా" అని మొదలుపెట్టి, అంకె చూసి అరవడం మరిచిపోయాడు. ఎనభై ఒకటి. మళ్ళీ ఊదమన్నారు. ఎనభై మూడు. అరవై దాటిన కోదండపాణిగారు నేల మీదినుంచి ఒక్క ఉదుటున లేచి, ఆ కాగితం పట్టుకుని మెట్లు రెండేసి చొప్పున ఎక్కడం నేను కళ్ళారా చూశాను. ఈ ముక్క ఆయన చెప్పలేదు.

అందరినీ మళ్ళీ కూర్చోబెట్టారు. జగన్మోహిని కాగితం చూసి, "రేపే కోస్తాను" అంది. ఇక అప్పుడు చూడాలి ఆ బల్లని. అంతవరకూ మర్యాదగా తలలూపినవాళ్ళందరికీ మాటలు వచ్చాయి. రేపు కాదు, పది రోజులు ఇవ్వండి, కసరత్తు చేయించి ఆ ఊపిరికి ఇంకాస్త బలం చేరుస్తానంది ఫిజియోథెరపిస్టు. ఛాతీ మధ్యలో శనగగింజంత గ్రంథి ఒకటి నాకు నచ్చడం లేదు, జబ్బు దానికీ పాకిందేమో తేలకుండా కత్తి ముట్టుకోవద్దన్నారు స్కాన్లు చదివే ఆయన. దానికి సూది వేసి ముక్క తీసి నాకు పంపారు. నేను నా జన్మలో ఏ ముక్కనూ అంతసేపు చూసి ఉండను. మూడుసార్లు చూశాను. శుభ్రంగా ఉంది. మత్తు డాక్టరు ఆవిడ గుండెను పరీక్షించి సరేనన్నాడు. షాహిదా ఆవిడ బరువు రెండు కిలోలు పెంచింది, పాలు ఎత్తి పోసుకుంటేనేం, కడుపులోకే కదా వెళ్ళేది!

పన్నెండో రోజున జగన్మోహిని నాలుగు గంటలు నిలబడి ఆ భాగాన్ని అంచులతో సహా తీసేసింది. తీసిన ముక్క అంచుల్లో జబ్బు ఆనవాలు లేదని చెప్పే భాగ్యం నాకు దక్కింది. మర్నాడే ఫిజియోథెరపిస్టు ఆవిడను మంచం దింపి నడిపించింది. ఊపిరి పీల్చి బంతుల్ని పైకి లేపే ప్లాస్టిక్ డబ్బా ఒకటి ఇస్తారు. దాని మీద తాయారు అని పెద్ద అక్షరాలతో రాయించుకున్నాకే ఆవిడ నోట పెట్టింది. మొదటిరోజు ఒక బంతి కదిలింది. నాలుగో రోజుకి మూడు బంతులూ లేచాయి. వార్డులో మిగతా రోగులు చప్పట్లు కొట్టారు. ఇంటికి వెళ్ళే రోజున చక్రాల కుర్చీ తెస్తే, దాంట్లో ఎవరినైనా నడవలేనివాళ్ళని కూచోబెట్టండర్రా అని తన కాళ్ళ మీద తను నడిచి వెళ్ళింది. తర్వాత మందుల డాక్టరు నాలుగు విడతల మందు ఎక్కించాడు. అదీ ఓర్చుకుంది.

అయిదేళ్ళు నిండాక తీసిన స్కాన్ కూడా నిర్మలంగా వచ్చింది. ఆ రోజు ఆ బల్ల దగ్గర ఉన్నవాళ్ళమంతా పని మానుకుని ఆ గదిలోకి చేరాం. జగన్మోహిని రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని ఈల వేసింది. అంత పెద్ద సర్జను అలా ఈల వేయగలదని మాకెవరికీ తెలియదు. తాయారమ్మగారు ఇప్పుడు పొయ్యి దగ్గరికి వెళ్ళదు. గ్యాసు మీద శిష్యురాళ్ళు వండుతుంటే దూరంగా కుర్చీలో కూర్చుని, ఉప్పు తగ్గిందర్రా అంటుంది. ఇప్పటికీ తప్పడం లేదట. మా సమావేశంలో కూడా ఒక మార్పు వచ్చింది. మాట తలుపు దగ్గరి కుర్చీ నుంచి మొదలై బల్ల చుట్టూ తిరుగుతుంది. కోదండపాణిగారు అందరూ అయ్యాకే మాట్లాడతారు.

ఇందుశేఖర్ అంతా శ్రద్ధగానే విన్నాడు. కానీ చురుకైనవాడు కదా, ఊరుకోలేదు. "బాగుంది గురువుగారూ. అయినా గాలి పక్కకి పోతోందని ఆ గీతలోనే ఉంటుంది. కాగితం మొదట చేతికి వచ్చినప్పుడే మీరు దాన్ని సరిగ్గా చూసి ఉంటే ఇంకెవరి అవసరమూ ఉండేది కాదు. మీలాంటివారు అంకె చూసి గీత చూడకుండా ఎలా వదిలేశారు?" అన్నాడు.

ఆ మాట ఆయన ముఖం మీద అడిగే ధైర్యం నాకు ఇన్నేళ్ళలో కలగలేదు. కోదండపాణిగారికి కోపం రాలేదు. ఆ కుర్రవాడి భుజం మీద చెయ్యి వేసి హాయిగా నవ్వారు.

"ఏముందోయ్! పొగ ఊపిరితిత్తుల్ని ఏం చేస్తుందో ఆ గదిలో అందరికంటే బాగా తెలిసినవాణ్ణి నేనే కదా."