గంగమ్మ తరిమింది

మా తారకయ్య గురువుగారికి ఒక అలవాటుంది. ఎవరైనా ప్రశ్న వేస్తే వెంటనే జవాబు చెప్పరు. చాటలో బియ్యం పోసి వాళ్ల ముందుకు తోసి, రాళ్లేరమంటారు. ఆ ఉదయం చాట సోమేశం ముందుకు వచ్చింది. సోమేశం ఆశ్రమానికి రాకముందు న్యాయశాస్త్రం చదివాడు; ఆ చదువు అతన్ని ఇంకా పూర్తిగా వదల్లేదు. శత్రువు తరిమితే పారిపోయి వచ్చినవాడు శరణార్థి, మరి ఎవరూ తరమకుండానే పొరుగు దేశం గుమ్మం తొక్కినవాణ్ణి ఏమనాలి అన్నది అతని ప్రశ్న. బయట మంచులో చెట్లు కూడా కనబడటం లేదు. గురువుగారు ఆ మంచులోకే చూస్తూ, అక్కడ జరుగుతున్నదేదో మాకు చెబుతున్నట్టుగా మొదలుపెట్టారు.

సముద్రానికి ఒక రోజు నడక దూరంలో, రాజ్యం పొలిమేరలో, ఒక శరణుసత్రం ఉండేదట. ఏనాటి రాజో గుమ్మం పక్కన రాతిమీద ఒక్క వాక్యం చెక్కించాడు: "తన్ను తరిమినవారి పేరు చెప్పినవారికి ఈ తలుపు తీయవలెను." అక్కడి కాపలాదారు ఓబళయ్య మెట్ట ప్రాంతంవాడు, పుట్టి బుద్ధెరిగి సముద్రం చూడలేదు. ఒకనాడు ఇలాంటి మంచులోంచే పోలమ్మ అనే బెస్త ఆవిడ నడిచి వచ్చింది. వెంట నెలలు నిండిన కూతురు నూకాలు. అప్పటికే వేరే రెండు రాజ్యాల గుమ్మాల దగ్గర వాళ్లను తిప్పి పంపేశారు. ఇక్కడా తలుపు తీయకపోతే ఆ పిల్ల దారిమీదే కనాలి.

ఎవరు తరిమారని ఓబళయ్య అడిగితే పోలమ్మ తడుముకోలేదు.

"గంగమ్మ తరిమింది బాబూ," అంది.

ఓబళయ్య పుస్తకంలో అలాగే రాసుకున్నాడు. రాశాక ఊరుకోలేక, ఆ గంగమ్మ ఏం చేసిందని అడిగాడు. మొన్నమొన్నటిదాకా కన్నతల్లిలా సాకిందని పోలమ్మ చెప్పింది. తర్వాత ఏడాదికింత చొప్పున ముందుకు జరిగిందట. మొదట దొడ్డి కలిపేసుకుంది. ఆపైన నూతినీళ్లు నోట పెట్టుకోనివ్వకుండా చేసింది. కిందటి నెల నట్టింట్లోకి వచ్చి కూర్చుంది. ఓబళయ్యకు ఒళ్లు మండిపోయింది. అంతటి గయ్యాళిని ఊళ్లో నలుగురూ చేరి నిలదీయలేదా అన్నాడు. నిలదీయడమేమిటి, ఏటా పసుపు కుంకాలిచ్చి దండాలు పెడతామని పోలమ్మ ఎంతో భక్తిగా చెప్పింది. ఇంత పిరికి జనం భూమ్మీద మరెక్కడా ఉండరని ఓబళయ్య అనుకున్నాడు, పాపం. తలుపు బార్లా తీసి, ఆవిడ వెంటపడి ఇక్కడికి కూడా వస్తుందా అని మాత్రం అడిగాడు.

"వస్తది బాబూ. కాకపోతే కాస్త ఆలస్యమవుద్ది."

మధ్యాహ్నం సత్రం అధికారి వచ్చి పుస్తకం తిరగేశాడు. లోకం చూసిన మనిషి, పగలబడి నవ్వాడు. బెస్తవాళ్ల నోట గంగమ్మంటే సముద్రమని, నీళ్లకు పగ ఉండదని, పగ లేనిచోట శరణూ లేదని వివరించి, వాళ్లను పంపించెయ్యమన్నాడు. లోపల గదిలో నూకాలుకు అప్పటికే నొప్పులు మొదలయ్యాయి. ఓబళయ్య సిగ్గుతో చితికిపోయాడు. అయినా కదల్లేదు.

"ఆడమనిషైనా సముద్రమైనా మన భాషలో 'తరిమింది' అనే కదండీ రాస్తాం," అని తల వంచుకునే గొణిగాడు.

ఇక్కడ గురువుగారు, ఆ ఓబళయ్యంటే తనకు ఎంతో ఇష్టమని చెప్పారు.

వీడికి రాతిమీది మాటే చూపించి నోరు మూయించాలని అధికారి గుమ్మం బయటికి వెళ్లాడు. కింది వరస అక్షరాలు సరిగా కనబడలేదు. రాయి అడుగంతా తెల్లగా పొరలు లేచి ఉంది. సున్నమనుకుని తుడిచాడు. ఏదో అనుమానం వచ్చి వేలు నాలుకకు తాకించాడు. ఉప్పు. ఎండలో ఆయన సముద్రం ఉన్న వైపుకు తిరిగి చూశాడు. తిరిగొచ్చాక పుస్తకం ముట్టుకోలేదు.

"వేణ్ణీళ్లు పెట్టించు," అన్నాడు.

సోమేశం గుప్పిట్లో బియ్యం అలాగే ఉండిపోయాయి. అంతా విన్నాక కూడా అతను, అయితే అధికారి శాసనం తప్పినట్టే కదా అన్నాడు. గురువుగారు చాట తనవైపుకు లాక్కుని రాళ్లేరసాగారు.

"ఏమో నాయనా. బిడ్డ ఏడుపు వినబడ్డాక ఆయన అరుగుమీద పోలమ్మ పక్కనే కూర్చుని, వాళ్లను తిప్పి పంపిన ఆ రెండు గుమ్మాల దగ్గరా ఏమేం అడుగుతారో అన్నీ చెప్పించుకున్నాడట."