వీరుల స్విచ్చి

రాజ్యం పోయినా రాజసం పోని భూపతిగారు ఐదు వందల గుర్రాల బలమున్న స్పోర్ట్స్ కారు కొన్నారు. తొలి వానకే చక్రాలు గిర్రున తిరిగి, కారు కాలవగట్టు అంచుదాకా జారింది. వాళ్లమ్మగారు హడలిపోయి, చక్రం జారగానే ఇంజను జోరు తగ్గించే పెట్టె ఒకటి బిగించమని మెకానిక్ మస్తాన్‌కి చెప్పారు.

“నా గుర్రాలకి కళ్లెమా? పీకెయ్!” అని కసిరారు భూపతిగారు.

“పీకడమెందుకు బాబుగారూ? స్విచ్చి పెట్టానుగా. పైకి నొక్కితే పెట్టె పనిచేస్తుంది, అది పిరికివాళ్లకి. కిందికి నొక్కితే ఆగిపోతుంది, అది వీరులకి.”

భూపతిగారు కిందికి నొక్కి, వానలోనే గట్టు మలుపు తిరిగొచ్చారు. కారు ఇసుమంతైనా జారలేదు.

“చూశావా? నీ పెట్టె లేకుండానే!” అని మీసం దువ్వారు.

“చిత్తం. ఇప్పుడీ షెడ్డు ముందు బురదలో పైకి నొక్కి చూడండి.”

నొక్కారు. చక్రాలు వెర్రిగా తిరిగి, బురదంతా మస్తాన్ మొహాన కొట్టాయి. కారు మాత్రం అంగుళం కదల్లేదు.

“అంటే గట్టు మీద నన్ను కాపాడింది...”

“పిరికివాళ్ల పెట్టే బాబుగారూ. వైర్లు తిరగేసి కలిపాను,” అన్నాడు మస్తాన్ మొహం తుడుచుకుంటూ. “సరిచెయ్యమంటారా?”

భూపతిగారు మెల్లగా స్విచ్చి కిందికి నొక్కారు.

“వద్దులే. నన్ను వీరుడిగానే ఇంటికి పోనీ.”