ఓబులేసు చెప్పకుండా వదిలేసిన మాట

ఆదివారం పేపర్లో ఓబులేసు చెప్పిన సంగతులు పెద్దక్షరాల్లో వచ్చాయి. ప్రొద్దుటూరులో జలీల్ సాబు ఇంటి వరండాలో ఒకరు చదువుతుంటే తక్కినవాళ్లు పొట్టలు పట్టుకుని నవ్వారు. సాబు మాత్రం నవ్వలేదు.

ఆ రాత వ్యక్తిత్వ వికాసం క్లాసుల మీద. వాటి గురించి ఈమధ్య ఫిర్యాదులు వస్తుంటే, హిమజ అనే విలేకరి వాటికి వెళ్లొచ్చినవాళ్లను వెతుక్కుంటూ ఓబులేసు బట్టల అంగడికి వచ్చింది. కొన్నేళ్ల కిందట ఆ క్లాసులకు వెళ్లిన ఓబులేసు ఉన్నదున్నట్టు చెప్పాడు. ట్రైనరు మైకులో ఎట్లా అరిచేవాడో, తలుపులు ఎట్లా మూసేవాళ్లో, పెద్ద పెద్ద మీసాలవాళ్లు ఎట్లా ఏడ్చారో, చివర్లో చుట్టపక్కాలను కూడా చేర్పించమని ఎట్లా వెంటపడ్డారో అన్నీ చెప్పాడు. కళ్లు తిరుగుతున్నాయి, బయటికి పోతానన్న ఒకామెను ‘పారిపోతున్నావు’ అని కూర్చోబెట్టిన సంగతీ చెప్పాడు.

అందరూ లేచి వెళ్లాక ఓబులేసు సాబు దగ్గరికి జరిగాడు. సాబు సూఫీ పెద్దమనిషి. ఎవరికీ పెద్దగా ఏమీ బోధించడు. ఓబులేసు ఆయన్ను గురువనుకున్నాడు, ఆయన కాదనలేదు, అంతే.

“సామీ, నేను చెప్పిందాంట్లో ఒక్క అబద్ధం లేదు. మీకెందుకో నచ్చలేదు.”

సాబు అతను తెచ్చిన మైసూర్‌పాక్ డబ్బా వైపు చూశాడు.

“ఇదేందప్పా?”

“మా అన్న కూతురికి పెండ్లి కుదిరింది సామీ. పత్రిక మీద నా పేరు వేయించినాడు మా అన్న. అంతా మీ దువా.”

“మీ అన్నకు నువ్వు ఫోను చేసిన నాడు నేనెవరో నీకు తెలుసునా?”



ఓబులేసుకు తెలియదు. ఆ ఫోను చేసింది ఆ క్లాసుల్లోనే. పొలం గట్టు దగ్గర మాటా మాటా పెరిగి అన్నదమ్ములిద్దరూ ఏళ్ల తరబడి మొహాలు చూసుకోలేదు. ‘మీరు ఎవరితో మాట్లాడటం మానేశారో వాళ్లకు ఇప్పుడే ఫోను చెయ్యండి’ అన్నాడు ట్రైనరు. ఓబులేసు బయట మెట్ల మీదికి వచ్చి, అన్న నంబరు నొక్కాడు. అటునుంచి అన్న ఒక్క మాటే అడిగాడు. “అన్నం తిన్న్యావా, ఓబులా?” ఆ మెట్ల మీదే కూలబడి ఏడ్చాడు ఓబులేసు.

సాబును చూసింది ఆ తర్వాత ఏడాదికి. ఈ కథ ఆయనకు తనే చెప్పాడు. కానీ రానురాను జనానికి చెప్పేటప్పుడు, మా అన్ననూ నన్నూ కలిపింది మా సాబే అనడం అలవాటైంది. అట్లా చెబితే వినేవాళ్లకూ బాగుండేది, తనకూ బాగుండేది.

సాబు డబ్బా మూత కూడా తియ్యలేదు. చంకలో పెట్టుకుని లేచి, చెప్పులు వేసుకున్నాడు.

“ఆ క్లాసు ఈరోజు మన ఊర్లోనే అంట గదా. పా, పోదాం.”

బైపాస్ రోడ్డు మీది ఫంక్షన్ హాలు వాకిట్లో ఒక అమ్మాయి వాళ్లను ఆపింది. క్లాసు మధ్యలో ఎవరినీ లోపలికి పంపరంది. “కూర్చుంటాం తల్లీ” అని సాబు మెట్ల మీద కూర్చున్నాడు. పక్కన ఓబులేసు. లోపలినుంచి మైకు అరుపులు, చప్పట్లు. ఓబులేసుకు అక్కడినుంచి లేచి వెళ్లిపోవాలనిపించింది. పక్కన సాబు కళ్లు మూసుకుని నింపాదిగా ఉన్నాడు.

టీ తాగే వేళకు అప్పటి ట్రైనరు భార్గవే బయటికి వచ్చాడు. ఓబులేసును గుర్తుపట్టాడు. పేపరు చదివినట్టున్నాడు, మొహం మాడిపోయింది.

“ఇంకేం మిగిలింది సార్, రాయించడానికి?”

సాబు డబ్బాను ఓబులేసు చేతిలో పెట్టాడు. ఓబులేసు దాన్ని భార్గవ వైపు చాచాడు.

“మా అన్న కూతురి పెండ్లి సార్. ఆ పొద్దు మీరు ఫోను చెయ్యమనకుంటే, ఆ పెండ్లికి నేను పోయేవాణ్ణి కాదు. మీకు చెప్పాల్సింది ఎప్పుడూ చెప్పలేదు.”

భార్గవ డబ్బా అందుకున్నాడు. మనిషి మెత్తబడ్డాడు. “ఈ మాట లోపలికి వచ్చి మైకులో చెప్తారా?”

ఓబులేసు సాబు వైపు చూశాడు. సాబు ఆ అమ్మాయి ఇచ్చిన టీ ఊదుకుంటున్నాడు.

“చెప్తా సార్. కళ్లు తిరుగుతున్నాయన్నా మీరు బయటికి పోనీయని ఆమె సంగతి కూడా చెప్తా.”

భార్గవ తల దించుకున్నాడు. “అయితే వద్దులెండి” అన్నాడు నెమ్మదిగా. లోపలికి పోబోయి, ఆగి, డబ్బా తెరిచి ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు. “మీ అన్నగారిని అడిగానని చెప్పండి.”

తిరిగి వచ్చేటప్పుడు ఓబులేసు దారిలోనే ఫోను తీసి హిమజతో మాట్లాడాడు. ఆనాడు అన్నకు ఫోను చేసిందీ, ఇప్పుడు మెట్ల మీద జరిగిందీ అంతా చెప్పాడు. చెబుతుంటే హాయిగా ఉంది. అంతా విని ఆమె అడిగింది, “అయితే ఆరోజు మీరు చెప్పినవి తప్పని వేయమంటారా?”

ఓబులేసు ఫోను చెవి దగ్గరినుంచి తీసి, ఆ ప్రశ్నే సాబును అడిగాడు.

సాబు నడక ఆపలేదు.

“నీళ్లిచ్చిన చేతిని దాచొద్దు. చెంబుకు మురికుంటే అదీ దాచొద్దు.”