ఎర్రగుట్ట గేటు

నాగలింగాచారి ఎవరి ప్రశ్నకూ సూటిగా జవాబు చెప్పిన పాపాన పోలేదు. వృత్తికి వడ్రంగి. అచలబోధ అనే తత్త్వం చెప్పే గురువు కూడా. సాయంత్రం పూట ఆయన కొట్టంలో చెక్కపొట్టు మీద పదిమంది శిష్యులు చేరేవాళ్లు. ఎవరైనా గొంతు సవరించుకుని పెద్ద ప్రశ్న వేస్తే, "ముందు ఈ పలక కొస పట్టుకోప్పా" అనేవాడు. పట్టుకున్నవాడికి జవాబు దొరికేదో లేదో గాని చేతులు మాత్రం నొప్పెట్టేవి.

ఆ శిష్యుల్లో హుసేనప్ప ఒకడు. ముప్ఫై ఏళ్లు రైలింజను నడిపి రిటైరైన మనిషి. రెండేళ్లుగా ఒకే ప్రశ్న అడుగుతున్నాడు. "స్వామీ, చేసిన పని చేసినట్టు మనకే గుర్తు లేకపోతే, అది చేసినట్టా, చేయనట్టా?" తక్కినవాళ్లు అదేదో వేదాంతమనుకుని తలలూపేవాళ్లు. అది వేదాంతం కాదని గురువు ఒక్కడికే తెలుసు.

పదకొండేళ్ల కిందట, ఎర్రగుట్ట అనే కాపలా లేని గేటు దగ్గర, సుంకులమ్మ అనే ఆడమనిషి గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని పట్టాలు దాటుతూ హుసేనప్ప ఇంజను కింద పడి చనిపోయింది. మోపు కళ్లదాకా దిగి ఉంటే పక్కలు కనిపించవు, చెవులే దిక్కు. అందుకే అలాంటి గేటుకు ముందు పసుపుపచ్చ బోర్డొకటి ఉంటుంది. అక్కడినుంచి గేటు దాటేదాకా డ్రైవరు కూత పెడుతూనే ఉండాలి. వాళ్ల మాటలో సీటీ కొట్టడం. కొట్టాడని పక్కనున్న అసిస్టెంటు చెప్పాడు. విచారణ కాగితాల్లో అదే రాశారు. హుసేనప్ప సంతకం పెట్టాడు. కానీ అతనికి బ్రేకు వేయడం గుర్తుంది, ఎర్రకొంగు గుర్తుంది, సీటీ కొట్టడం గుర్తు లేదు. తనను కాపాడటానికి అసిస్టెంటు అబద్ధమాడాడేమోనన్న అనుమానం ఇన్నేళ్లూ అతణ్ణి లోలోపల తినేస్తూ వచ్చింది.

రిటైరయ్యాక ఇంటి కింద నేలమాళిగలో బొమ్మ రైలుదారి కట్టడం మొదలుపెట్టాడు. పదడుగుల గది. మూలన నీళ్ల మోటారు, నడుమ ఒక స్తంభం, నిటారుగా నిలబడితే తలకు దూలం తగులుతుంది. ఆ ఇరుకులోనే తాను తిరిగిన లైనంతా ఇమడ్చాలని పంతం. గోడల వెంబడి బల్లలు వేసి, జానెడు ప్లాట్‌ఫారాలు, అగ్గిపుల్లల సిగ్నళ్లు, వేలెడంత టీకొట్టు పెట్టాడు. కొత్తబురుజు జంక్షన్ దగ్గరైతే తాను రిటైరైన రోజునే నిలబెట్టాడు. దండ వేసిన ఇంజను, చుట్టూ చప్పట్లు కొట్టే జనం. బల్లలు కుంగుతున్నాయని గురువును పిలుచుకొచ్చాడు.

ఆయన ముక్కాలిపీట మీద కూర్చుని రైలు ఒక చుట్టు తిరగడం చూశాడు. పని కోసం ఆ లైనులో ఊరూరూ తిరిగిన మనిషే.

"ముద్దులకుంట దాటీ దాటకముందే కొత్తబురుజు వచ్చేసెనే. నడుమ ఎర్రగుట్ట గేటు యాడప్పా?"

"చోటు చాల్లేదు స్వామీ."

"ఎంత కావాల?"

హుసేనప్ప తలవంచుకున్నాడు. "మూరెడు" అన్నాడు.

గురువు బల్లల కాళ్లు బిగించి, పనిముట్లు సంచిలో వేసుకుని వెళ్లిపోయాడు.

నెలరోజులు హుసేనప్ప కొట్టం వైపు రాలేదు. మొదట్లో కోపమే వచ్చింది. అంతా చూసి, లేనిదొక్కటే అడగాలా ఆయన? రోజూ కిందికి దిగి రైలు తిప్పుతూనే ఉన్నాడు గాని, ముద్దులకుంట వచ్చేసరికి చూపు దానంతటదే గోడ వైపు తిరిగేది. చివరికి ఒక పొద్దున దండ వేసిన ఇంజనునూ చప్పట్లు కొట్టే జనాన్నీ తీసి అట్టపెట్టెలో పెట్టాడు. జంక్షన్ వెనక్కి జరిగింది. మూరెడు చోటు తేలింది.

అక్కడ గేటు కట్టాడు. గోరంత అట్టముక్కకు పసుపు రంగు పూసి బోర్డు నాటాడు. ఎవరూ చెప్పకుండానే గింజంత ఆడమనిషిని చెక్కి, కొబ్బరిపీచు తుంచి నెత్తిన మోపు కట్టాడు. ఆమెను పట్టాలకు ఇవతలే నిలబెట్టి, గురువుకు కబురు పంపాడు.

ఆయన వచ్చి కూర్చున్నాడు. హుసేనప్ప ఎదురుగా కూర్చుని కుడిచేత్తో మీట తిప్పాడు. రైలు ముద్దులకుంట దాటింది. ఇంజను పసుపు బోర్డు దగ్గరికి వచ్చీ రాగానే అతని ఎడమచెయ్యి లేచింది. లేని సీటీ పిడి ఒకటి పట్టుకుని లాగి, ఇంజను గేటు దాటేదాకా అలాగే ఉండిపోయింది. ఆ సంగతి అతనికి తెలీనే తెలీదు. గురువు లేచి ఆ మణికట్టు పట్టుకున్నాడు.

"ఇదెందుకు లేచెనప్పా?"

హుసేనప్ప తన చేతి వైపు, ఎవరిదో చెయ్యి చూసినట్టు చూశాడు. "ఇప్పుడు లేచింది, సరే స్వామీ. ఆ పొద్దు లేచిందని ఏం నమ్మకం?"

గురువు చెయ్యి వదిలేసి మళ్లీ పీట మీద కూర్చున్నాడు. రైలు చుట్టు తిరిగి వస్తోంది. ఈసారి హుసేనప్ప ఎడమచేతిని మోకాళ్ల మధ్య ఇరికించి గట్టిగా అదిమిపెట్టాడు. ఇంజను బోర్డు దగ్గరికి వచ్చింది. మోకాళ్ల మధ్య చెయ్యి గింజుకుంది. ఎంత అదిమినా ఆగలేదు, విడిపించుకుని పైకి లేచింది.

మీట ఆపేశాడు. రైలు గేటు మీదే నిలిచిపోయింది. పదకొండేళ్లలో ఎన్నడూ ఏడవని మనిషి, ఆ గింజంత బొమ్మ ముందు మోకాళ్ల మీద కూలబడి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఇన్నాళ్లూ తాను తప్పు చేశాడా లేదా అన్న ఒక్క ప్రశ్నే, ఇంక దేనికీ చోటు లేకుండా, గుండె నిండా ఉండేది. ఆమె పోయిందన్న బాధ ఇప్పుడొచ్చి కూర్చుంది.

"కొట్టినాను తల్లీ" అన్నాడు. "కొట్టినాను సుంకులమ్మా. నీకు ఇనపళ్లేదు."

గురువు మెల్లగా లేచి, దూలం తగలకుండా తల వంచి, మెట్ల దగ్గర ఒక్క క్షణం ఆగాడు.

"మూరెడు చోటు లేదంటివి కదప్పా" అని పైకి ఎక్కి వెళ్లిపోయాడు.